పెదనాన్న డైలాగు

మా పెదనాన్న కౌబాయ్ సినిమాల్లో బందిపోటు. గుర్రం మీద దూసుకొచ్చి, హీరో తుపాకీ పేలగానే కిందపడి చచ్చిపోవడం ఆయన పని. ఇంట్లో మాత్రం ఏ మాట మొదలెట్టినా ముందు మీసం దువ్వుకుని, మేమంతా వింటున్నామో లేదో చూసుకునేవాడు.

ఎన్నో చావుల తరవాత ఒక దర్శకుడు ఆయనకు పెద్ద డైలాగు ఇచ్చాడు. "మీ చోడవరం యాసలోనే చెప్పండి, నాక్కావలసింది అదే" అన్నాడట. పెదనాన్న చెరుకుతోట గట్ల మీద తిరుగుతూ దాన్ని వల్లె వేశాడు. సినిమా రాగానే బుచ్చయ్యపేట చుట్టాలందరినీ పిలిచి, చోడవరం హాలుకి తీసుకెళ్లాడు.

తెర మీద పెదనాన్న నోరు తెరిచాడు. వినిపించింది మరెవరిదో బొంగురు గొంతు, యాస లేని పుస్తకాల తెలుగు. ఆ గొంతుకి హాలంతా ఈలలు వేసింది.

"ఏటిది? నీ గొంతేదీ?" అంది పెద్దమ్మ.

"తీసేసేరే. నాతో ఒక్క మాటైనా సెప్పలేదు" అన్నాడు పెదనాన్న, తెరవైపే చూస్తూ.

కొన్నాళ్లకి అదే దర్శకుడు ఫోన్ చేశాడు, ఈసారి ఇంకా పెద్ద డైలాగు ఉందని. నేను పక్కనే ఉన్నాను. పెదనాన్న మీసం మీద చెయ్యి వెయ్యలేదు.

"మాటలొద్దు బాబూ" అన్నాడు. "కాల్చీండి, పడిపోతాను."