గంజి పెట్టిన షూ

"చింతగింజలక్కా. మామూలు చింతగింజలే. గచ్చు మీద పోసి, కాలివేళ్ళతో ఒక్కొక్కటే ఎత్తి గిన్నెలో వెయ్యమనింది లిల్లీ టీచరు. నేను నవ్వినా. ఏంది టీచర్, డాన్సు నేర్పమంటే అంగడి పెట్టిస్తా ఉండారే అన్నా."

మంచం మీద కాళ్ళు చాపుకుని ఏంజెలిన్ చెబుతుంటే పరంజ్యోతి పక్కన స్టూలు మీద కూర్చుని వింటోంది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగించుకుని, చేతిలో ఈతమట్టతోనే చర్చి నుంచి నేరుగా ఇటు వచ్చింది. బడికి వెళ్ళింది కొద్దికాలమే అయినా, దొరికిన కాగితమల్లా చదివి, తెలియనిది సిగ్గుపడకుండా అడిగి తెలుసుకునే మనిషి. ఏంజెలిన్‌ను సండే స్కూలు రోజుల నుంచీ ఎరుగును.

"గింజలెందుకే మరి?"

"వేళ్ళకి బలం రావాల గదక్కా. బ్యాలేలో వేళ్ళ కొసల మీద నిలబడాల. ఒళ్ళు బరువంతా ఆ కొస మీదే. పాదం గట్టిపడకముందే లేస్తే ఎముకలు చెడతాయని, టీచరు చానాకాలం షూ కూడా చూపించలా."

లిల్లీ టీచరు మద్రాసు పెరంబూరులో పెరిగింది. అక్కడే కాన్వెంటులో బ్యాలే నేర్చుకుని, పెళ్ళయి కావలికొచ్చి, బడిలో పాటలు నేర్పి రిటైరయింది. హైస్కూల్లో ఉండగా ఏంజెలిన్ ఆమె చేతికి చిక్కింది. వరండా కిటికీ చువ్వలు పట్టుకుని మడమలు లేపడం, దించడం. ఖాళీ సీసాను అరికాలి కింద దొర్లించడం. సెలవు రోజు తుమ్మలపెంట బీచిలో వట్టికాళ్ళతో నడక. ఏళ్ళ తరబడి ఇదే. చర్చిలో పాటల బృందాన్ని నడిపే మాథ్యూ ఎదురైనప్పుడల్లా ఆటపట్టించేవాడు: "నేలపట్టు పక్షుల చెరువులో ఉండే కొంగలు చాలవా పాపా, కావలిక్కూడా ఒకటి కావాల్నా?"

పోయిన ఏడు వానలు మొదలైనప్పుడు టీచరు మద్రాసు నుంచి షూ తెప్పించింది. గులాబిరంగు శాటిన్ గుడ్డ, ముందు చెక్కలా గట్టి కొస. ఏంజెలిన్ చువ్వలు పట్టుకుని లేచింది.

"ఎట్టా ఉండిందే?" అంది పరంజ్యోతి.

"వీధి కొంచెం కిందికి పోయింది అక్కా." ఏంజెలిన్ కిటికీ వైపు చూసింది. "అంతే. ఇంకేం చెప్పేది? మెచ్చుకోవడమే రాని టీచరు ఆ రోజు పాలకోవా పెట్టింది."

బయట పందిరి కింద నుంచి గంజి వాసన వస్తోంది. ఏంజెలిన్ తల్లి ఆనందకుమారి నూలుచీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తుంది. ఊళ్ళో టీచరమ్మల చీరలు కుచ్చిళ్ళు చెదరకుండా సాయంత్రం దాకా నిలబడ్డాయంటే అది ఆమె చేతి చలవే. ఈస్టరు ముందు తెల్లచీరలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఈ ఏడు కుప్ప చిన్నది.

కాఫీ గ్లాసు తెచ్చిచ్చి ఆమె గుమ్మంలోనే నిలబడింది. చేతులు ముంజేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"పరంజ్యోతమ్మా, నాలుగూ చదివేదానివి. ఒక మాట చెప్పు. ఆ బూట్లకు గంజి ఎక్కువైందా? బిరుసెక్కి కాలు పట్టేసిందా?"

"అమ్మా, మళ్ళీనా!" ఏంజెలిన్ గొంతు పెంచింది. "నేల నున్నగా ఉండింది. జారినా. ఎన్నిసార్లు చెప్పాల?"

"అట్నేలే. అడిగితే తప్పా?" అంటూ ఆనందకుమారి వెళ్ళిపోయింది.

పరంజ్యోతి కాఫీ గ్లాసు కింద పెట్టి, స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది. ఏంజెలిన్ గొంతు బాగా తగ్గించి చెప్పింది.

క్రిస్మస్ కార్యక్రమంలో ఆమెది గబ్రియేలు దూత వేషం. మరియ ముందుకొచ్చి కాలి కొసల మీద లేవాలి. రోజూ సాధన చేసి చేసి షూ కొసలకు వరండా గచ్చు ఎరుపు అంటుకుంది. పండక్కి ఇల్లంతా కడిగి, తెరలు ఉతికి, ఆనందకుమారి ఆ షూ కూడా ఉతికింది. మంచి గంజి పెట్టి, మిద్దె మీద ఆరబెట్టి, కూతురి చేతికిచ్చింది. తళతళలాడుతున్నాయి. బొటనవేలితో నొక్కితే గట్టిగానే ఉన్నాయి. కూతురు తల్లిని కావలించుకుంది.

"స్టేజీ మీద లేచినా. నిలబడినా అక్కా. వెనకబెంచీలో ఎవరో స్తోత్రం అన్నారు గూడా. అప్పుడు లోపల వెచ్చగా, తడిగా అనిపించింది. కొస మెత్తబడిపోయింది. పాదం మడత పడింది. ఎముక విరిగిన శబ్దం నాకే వినబడింది."

"షూ ఉతికినందుకా?"

"ఆస్పత్రి నుంచి వచ్చినాక టీచరు ఆ షూ కత్తెరతో కోసి చూపించింది. లోపల చెక్కా లేదు, ఇనుమూ లేదు. గుడ్డ మీద గుడ్డ, మధ్యలో జిగురు. అంతే. నీళ్ళు పడితే అంతా కరిగిపోతుందంట. పైన అమ్మ గంజి ఒక్కటే గట్టిగా నిలిచింది, అదీ చెమటకు మెత్తబడింది. టీచరు ఏడ్చింది. నీళ్ళు తగలనీబాకని నేనెందుకు చెప్పలేదే, బ్యాలే షూని ఉతికే ఇల్లు ఉంటాదని నాకెట్టా తెలుస్తాది అని. మళ్ళా ఇటు రాలా."

పరంజ్యోతి దుప్పటి అంచు తొలగించి పాదం చూసింది. చీలమండ పక్కన కుట్లగుర్తు ఇంకా ఎర్రగానే ఉంది.

"డాక్టరేమంటాడు?"

"నడవచ్చంట. బస్సెక్కచ్చంట. కొస మీద బరువు మాత్రం ఎప్పటికీ వద్దంట. నెల్లూరులో ఇంకో డాక్టరుకీ చూపించినాం. ఆయనా అదే మాట." కాలివేళ్ళు ఒకసారి ముడిచి వదిలింది. "తెల్లారి మెలకువ రాకముందే వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయక్కా, దుప్పటి కింద. గింజలు ఎత్తతా ఉంటాయి. ఆపమంటే ఆగవు. ఇంత బలం పెట్టుకుని ఏం చేసుకునేది? కాలేజీకి పొమ్మంటారు. పోతా. పోయి?"

పరంజ్యోతికి ఓదార్పు మాటలు చాలా వచ్చు. వాటిని పక్కన పెట్టి ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"దేవుడు ఇంకో దారి చూపిస్తాడని అనలేదు నువ్వు," అంది ఏంజెలిన్. "వచ్చినోళ్ళంతా అదే."

పందిరి కింద ఆనందకుమారి గంజిలో నీళ్ళు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక చెంబు, తర్వాత ఇంకో చెంబు.

"విన్నావా? క్రిస్మస్ నుంచి ఇదే. గంజి చిక్కగా పెట్టేదానికి అమ్మకు చెయ్యి రావడంలా. చీరలు పీలికల్లా వేలాడతా ఉండాయని టీచరమ్మలు ఇంకో చోటికి పోతా ఉండారు. తప్పు గంజిది కాదు, ఉతికిన నీళ్ళదని చెప్తే ఇంగ నీళ్ళు ముట్టుకుంటాదా? నువ్వు గూడా చెప్పబాక."

"చెప్పనులే."

ఏంజెలిన్ కాలు వెనక్కి లాక్కుని, స్టూలు కింద పడిన ఈతమట్టను తీసి ఆమె చేతికిచ్చింది.

"పో అక్కా, పొద్దుపోతా ఉంది. రేపు నీ ఈస్టరు చీర తెచ్చి అమ్మకియ్యి. బిరుసుగా కావాలని అడుగు. ఎప్పట్లాగా, గంజి చిక్కగా పెట్టమని గట్టిగా అడుగు."