రాగి పేరు మీద ఖాళీ పేజీ

పుంగనూరు బస్టాండు ఎదురుగా చింతపండు, శనక్కాయలు, పశువులకు వేసే చెక్క అమ్మే గంగాధరం లెక్క కట్టందే దేన్నీ నమ్మే మనిషి కాదు. పెళ్లిచూపులనాడు మామగారిచ్చిన కాఫీలో చక్కెర ఎంత పడిందో కూడా అంచనా కట్టాడని భార్య సుశీలమ్మ చివరిదాకా దెప్పుతూనే ఉండేది.

పిల్లలు లేని ఇల్లు. డెబ్బై ఏడులో బెంగుళూరు నుంచి నూట ఇరవై పోసి తెల్లటి బొచ్చుకుక్క పిల్లను తెచ్చి స్నోయీ అని పేరు పెట్టాడు. అదే వారం వానకు తడిసిన ఎర్రటి నాటుకుక్క పిల్ల ఒకటి అంగడి బస్తాల సందున దూరింది. పొమ్మన్నా పోలేదు. సుశీలమ్మ దానికింత సంగటి ముద్ద వేసి, రంగు చూసి రాగి అంది.

ఇక మన లెక్కల మనిషి ఊరుకుంటాడా! చిట్టా పుస్తకం చివర రెండింటికీ చెరొక పేజీ తీశాడు. బతికినన్నాళ్లూ దేనికెంత అవుతుందో, ఏది గట్టిదో తేల్చి ఊరికి చెప్పాలని ఆయన తాపత్రయం.

స్నోయీ పేజీ ఏడాదికే నిండింది. పాలు, బిస్కట్లు, సబ్బు, చెవిలో చీముకు మందు, ఏటేటా మదనపల్లెలో రోగాలు రాకుండా సూది. ఒక ఎండాకాలం అది రొప్పుతుంటే జాలిపడి, గొర్రెలకు బొచ్చు తీసే ఎల్లప్పను పిలిచాడు. ఎల్లప్ప పాపం తన పని తను చేశాడు, చర్మం కనబడేదాకా గొరిగి పెట్టాడు. వారం తిరగకముందే ఎండకు వీపంతా బొబ్బలు. మళ్లీ మదనపల్లె, మళ్లీ మందులు. అవన్నీ రాసుకుంటూ గంగాధరం తనను తాను తిట్టుకున్నాడు.

రాగి పేజీలో మాత్రం ఒకటే వరస: "ఇంట్లో మిగిలిన సంగటి." కింద అంతా తెలుపు.

పక్క టీ హోటలు మునస్వామికి ఆ పేజీ చూపించి మురిసిపోయేవాడు. "సూడప్పా, ఇన్నేండ్లలో ఒక్క రూపాయి మందు లేదు. నాటుదంటే ఇనుము!"

ఏటా స్నోయీని సూదికి తీసుకుపోయేటప్పుడు సుశీలమ్మ అడిగేది. "రాగిని గూడా తీసకపోండి. రెండూ మనవే గదా."

"యాల మే దానికి? ఎండకు ఎండతాది, వానకు తడస్తాది. దానికేమైతాది?"

ప్రేమ లేదని కాదు. సాయంత్రం అంగడి మూసి తాళం రెండుసార్లు లాగి చూస్తాడా, రాగి కూడా లేచి వచ్చి ఆ తాళాన్ని వాసన చూసేది. అప్పుడే ఇద్దరూ ఇంటికి కదిలేవాళ్లు. ఆ కాస్త దూరం నడక గంగాధరానికి రోజంతటిలో ఇష్టమైన పని.

ఎనభై ఆరు ఆషాఢంలో ఒక సాయంత్రం రాగి తాళం దగ్గరికి లేచి రాలేదు. మర్నాడు సంగటి ముట్టలేదు. "గడ్డి తిని అదే సర్దుకుంటాదిలే," అన్నాడు. మూడో రోజుకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి.

సుశీలమ్మ కళ్లొత్తుకుంది. "అది నోరులేనిది. మీరు నోరుండి గూడా ఒక్కనాడు అడగలేదు."

గంగాధరం గోనెసంచి పరిచి రాగిని ఎత్తుకుని బస్సెక్కాడు. కుక్కకూ టికెట్టు కొట్టాలన్నాడు కండక్టరు. ఐదు పైసలకు గంట వాదించే గంగాధరం మారుమాట లేకుండా ఇచ్చాడు.

మదనపల్లెలో డాక్టరు అడిగాడు. వయసెంత? సూదులేమైనా వేయించారా? ముందెప్పుడైనా జబ్బు పడిందా? స్నోయీ సంగతైతే తేదీలతో సహా అప్పజెప్పేవాడు. రాగి గురించి వయసు తప్ప ఇంకేమీ తెలియదు. "నాటుది సార్," అన్నాడు, అదే జవాబైనట్టు.

"నాటుదానికీ ఈ రోగం వస్తాదప్పా. సూది వేయించింటే తప్పేదేమో. ఇవి బాధను బయటికి చూపించవు, మనం గట్టిగా ఉండాయనుకుంటాం."

మందిచ్చాడు. తిరుగు బస్సులో, ఊరింకా రాకముందే, రాగి ఆయన చేతిని ఒకసారి నాకి, ఒళ్లోనే పోయింది. చుట్టూ జనం ఉన్నారని చూడకుండా గంగాధరం ఏడ్చాడు.

ఇంటికొచ్చి చిట్టా తీశాడు. రాగి పేజీలో సంగటి వరస కింద "మదనపల్లెకు టికెట్టు", "మందు" అని రాశాడు. ఆపైన రాయడానికేమీ లేదు. ఇన్నేళ్లూ గొప్పగా చూపించుకున్న ఆ తెలుపు రాగి ఆరోగ్యం కాదు, తాను పట్టించుకోకపోవడం. అది తెలిసొచ్చి సిగ్గుతో కుంగిపోయాడు.

కుప్పంలో ఉన్న తన కూతురికి ఏ కుక్కైతే చవకని మునస్వామి అడిగినప్పుడు, "నా లెక్క తప్పప్పా," అన్నాడు. "ఖర్చు సూసినాను గానీ కుక్కను సూడలేదు. ఏదైనా తెచ్చుకోమను, తెచ్చినాక సూది మాత్రం మరవద్దను."

మరుసటేడు మళ్లీ ఒక నాటు పిల్ల అంగట్లో దూరింది. సూదికి ఈడొచ్చిన రోజే దాన్ని సంచిలో వేసుకుని మదనపల్లె పోయొచ్చాడు. రాత్రి సూది ఖర్చు రాస్తుంటే సుశీలమ్మ తొంగిచూసింది. రాగి పేజీలోనే రాస్తున్నాడు.

"దీనికి వేరే పేజీ తీయరా?"

"వద్దు మే," అన్నాడు గంగాధరం. "ఈడ ఇంకా శానా సోటు ఉండాది."