ఐలవ్వ మోసిన బంగారం

కరీంనగర్‌లో వకీలు గుమాస్తాగా ఎన్ని కేసులు చూశానో! కానీ ఐలవ్వ కేసులాంటిది మళ్లీ చూడలేదు!

మంథని దగ్గర కూలి చేసుకు బతికే మనిషి ఆమె. పందొమ్మిది వందల అరవై నాలుగులో, బిడ్డ బాలలక్ష్మికి పురిటి గండం గడిచిందని సమ్మక్క జాతరకు బయలుదేరింది. దారిలో కాలు బెణికిందని మూలుగుతూ ఒకడు కూర్చున్నాడు.

"అక్కా, నాతోని నడుసుడు అయితలేదు. నా బంగారం గూడ తీస్కపో. సమ్మక్క గద్దెల కాడ మా తమ్ముడు కలుస్తడు" అన్నాడు.

అమ్మకిచ్చే బెల్లాన్ని మా వైపు బంగారమనే అంటాం. రాలేనివాళ్ల మొక్కు మోయడం పుణ్యం కూడా. ఐలవ్వ మురిసిపోయి వాడి ముద్దను తన ముద్ద పక్కనే మూటగట్టింది.

దారిలో తనిఖీ నాకా దగ్గర జవాను సమ్మయ్య ఆమెను ఆపి, మూటలో ఏముందని అడిగాడు.

"బంగారం, కొడుకా."

సమ్మయ్య పొమ్మన్నాడు. కానీ వెనకనే, కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టర్ "బంగారమా!" అని ఎగిరి గంతేశాడు. మూట విప్పించి, దారిలో వాడిచ్చిన ముద్దను రాయితో కొడితే, లోపల నల్లమందు! కాలు బెణికినవాడు ఎటు పోయాడో, తమ్ముడు ఎవడో, ఇద్దరూ మాయం. బెయిలు దొరకక ఐలవ్వ రెండు నెలలు జైల్లో ఉంది.

"నల్లమందని తెలిసే బంగారమంది. అది దొంగల రహస్యపు మాట" అన్నాడు సర్కారు వకీలు. "తెలియకపోతే, ఇంత దూరం మోస్తూ ఒక్క ముక్కయినా నోట్లో వేసుకోదా?"

రాజమండ్రి మనిషి మేజిస్ట్రేటు తల ఊపుతున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. నేరం తెలిసి చేసిందని తేలితే ఏళ్ల తరబడి జైలే. ఐలవ్వ బోనులోంచి అరిచింది:

"ఎట్ల కొరుకుత సారూ? అమ్మకు ఎవలన్న ఎంగిలి వెడుతరా?"

మా వకీలు సాబ్ చటుక్కున లేచి సాక్షి సమ్మయ్య వైపు తిరిగాడు.

"మూట విప్పమన్నవా?"

"లే సార్. బంగారమన్నది గద."

"అనంగనే ఏం జేసినవ్?"

"టోపీ తీసి... మూటను కండ్లకద్దుకున్న సార్."

"నల్లమందని తెలిసే అద్దుకున్నవా?"

"అయ్యో! తెలిస్తే అద్దుకుంటనా సార్?"

కోర్టు ఘొల్లుమంది! వకీలు సాబ్ గొంతు ఖంగుమంది: "హుజూర్, ఆ మాట విని టోపీ తీసిన జవానుకు తెలవదట. అదే మాట అన్న ఈ అవ్వకు తెలుసట!"

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి బంట్రోతును అడిగాడు, "మీరూ బెల్లాన్ని అలాగే అంటారా?"

"బంగారమే సార్" అన్నాడు వాడు, చేతులు జోడించి.

ఐలవ్వను వదిలేశారు. నేను కాగితాలు గాల్లోకి ఎగరేసి, మళ్లీ ఏరుకోలేక చచ్చాను.

రెండేళ్లకు మళ్లీ జాతర. నేనూ ఐలవ్వ వాళ్లతో బయలుదేరాను. కదలలేని పక్కింటి రామవ్వ తన బంగారాన్ని ఐలవ్వ చేతికిచ్చింది. ఐలవ్వ దాన్ని గడప ముందే పెట్టి, రాయితో పగలగొట్టి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. బెల్లమే. ఆమె వలవల ఏడ్చింది.

"ఎంగిలైంది రామవ్వా. అమ్మయితే మాఫ్ జేస్తది. కోర్టు జెయ్యది."