పాలకు ముందు వేసిన అంకె

వెస్ట్ వర్జీనియా కొండల్లో, బొగ్గు గనులు మూతపడి మత్తెక్కించే నొప్పి మాత్రలు మాత్రమే మిగిలిన ఒకానొక చోట, చిన్న ఆసుపత్రి పురిటిబిడ్డల గదిలో నర్సు ఓర్ఫా స్టిడమ్ మాట ముప్పయ్యేళ్లుగా వేదవాక్కు.

తల్లి రక్తం ద్వారా గర్భంలోనే మత్తుమందుకు అలవాటుపడిన శిశువు, బొడ్డుతాడు తెగాక అది అందక అల్లాడుతుంది. ఏడుపు ఆగదు, నిద్ర నిలవదు, చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, తాగిన పాలు కక్కుకుంటుంది. ఒక్కొక్క లక్షణానికి ఇంత అని అంకె వేసి కూడితే వచ్చే మొత్తమే రోగనిర్ణయానికి ఆధారం. ఆ ఆసుపత్రిలో వరుసగా మూడుసార్లు ఎనిమిది దాటితే బిడ్డకు మందు మొదలయ్యేది. బిడ్డను తల్లి దగ్గర ఉంచాలో లేదో చూసే శిశు సంక్షేమ కార్యాలయానికి కబురు వెళ్లేది.

ఓర్ఫాది ఒకటే నియమం. మూడు గంటలకొకసారి, పాలు పట్టకముందే అంకె వేయాలి. "కడుపు నిండితే దొంగ కూడా దొరలా పడుకుంటాడు. నిజం కావాలంటే పాలకు ముందే చూడాలి" అని కొత్త నర్సులకు చెప్పేది. వేళ కాగానే నిద్రపోతున్న పసికందునైనా లేపేది. ఆమెకు పక్షపాతం లేదని, ఆమె అంకెకు తిరుగులేదని ఆ కొండవాళ్లంతా అనుకునేవారు.

డార్లా కూమర్ ఓర్ఫా వెళ్లే చర్చిలోనే పాటలు పాడుతూ పెరిగిన పిల్ల. గనిలో నడుము విరిగిన తండ్రికిచ్చిన మాత్రలు మింగడం మరిగి చెడింది. చెడి మళ్లీ లేచింది. గర్భం నిలిచాక తొమ్మిది నెలలూ, మత్తు మానడానికి వైద్యుడు రాసిన మందు ఒక్కపూట తప్పకుండా వేసుకుంది. ఆ మందూ ఆ మత్తుమాత్రల జాతిదే. అయినా హఠాత్తుగా ఆపితే కడుపులో బిడ్డకే ముప్పు.

కొడుకు పుట్టిన రెండో రోజు ఓర్ఫా కాగితం పట్టుకుని వచ్చింది.

"ఓర్ఫా అత్తా, వాడికి ఆకలేస్తోంది. పిడికిళ్లు ఎలా చీకుతున్నాడో చూడు."

"ఆకలో, మందు లేని ఆరాటమో తేల్చేది నువ్వూ నేనూ కాదు పిల్లా. ఈ కాగితం."

"కాగితానికెప్పుడైనా పాలిచ్చావా అత్తా?"

"నోరు మాత్రం అచ్చం మీ నాన్నదే" అని నవ్వి ఓర్ఫా అంకె వేసింది. తొమ్మిది. మరి మూడు గంటలకు పది. ఆపైన మళ్లీ తొమ్మిది. కబురు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కొత్త వైద్యుడు ప్రూయిట్ ఆ కాగితం చూశాడు.

"ఎప్పుడు చూశారండీ వీణ్ణి?"

"పాలకు ముందు. ఎప్పటిలాగే."

అతడు బిడ్డను తల్లికి అందించాడు. పాలు పట్టించి, బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టి, కాసేపాగి చూశాడు. నాలుగు. వణుకు లేదు, ఒళ్లు మెత్తగా ఉంది.

"ఓర్ఫా గారూ, ఈ జబ్బు కొత్త నిర్వచనం ప్రకారం తల్లి అలాంటి మందు వాడి ఉండాలి, పైగా ఆ ఐదు లక్షణాల్లో రెండైనా బిడ్డలో కనిపించాలి. ఆకలేస్తే ఏ బిడ్డయినా ఏడుస్తాడు, వణుకుతాడు. ఇంకో మాట. ఆ జబ్బు పేరు పెట్టేది బిడ్డకు వైద్యం చేయడానికి. తల్లిని తూచడానికి కాదు."

తూకం అప్పటికే అయిపోయింది; వెళ్లిన కబురు వెనక్కి రాదు. ఆ మధ్యాహ్నం సంక్షేమ కార్యాలయం మనిషి వచ్చి, బిడ్డను రెండు కొండలవతల పరాయి ఇంటికి తీసుకుపోయింది.

ఆ రాత్రి ఓర్ఫా ప్రార్థనకు మోకరిల్లితే, తాను లేపి ఏడిపించిన పసివాళ్లే వరసగా కళ్లముందు నిలిచారు. త్రాసు సరిగా ఉంటే చాలుననుకుంది. తూచవలసిన వేళ ఒకటుందని ఎరగలేదు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేల్చే విచారణ నాడు తనంత తానే కోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తి లెమ్యూల్ టాకెట్ చర్చిలో ఆమె ముందు వరసలో కూర్చునే మనిషే.

"అయ్యా, ఆ అంకెలు జబ్బువి కావు, ఆకలివి. తప్పు నాది. బిడ్డను తల్లికిచ్చేయండి."

కార్యాలయం వకీలు లేచాడు. "అయితే అమ్మా, ముప్పయ్యేళ్లుగా మీరు వేసినవన్నీ తప్పులేనా?"

ఓర్ఫా వకీలు వైపు తిరిగింది. "ఎన్ని తప్పులో నాకూ తెలీదు బాబూ."

న్యాయమూర్తి కళ్లద్దాలు తీశాడు. "ఓర్ఫమ్మా, నీ మనసు వెన్నని అందరికీ తెలుసు. నీ అంకె ఇనుమనీ తెలుసు. ఇన్నాళ్లూ ఆ అంకెనే నమ్మి తీర్పులిచ్చాను. ఇవాళ వెన్నను నమ్మమంటే ఎలా?" విచారణ ఆరు నెలలకు వాయిదా పడింది.

ఓర్ఫా, డార్లా మెట్లు దిగుతుండగా కోర్టు గడియారం మూడు కొట్టింది. బిడ్డకు పాలవేళ. డార్లా చొక్కా ముందుభాగం పాలతో తడిసిపోయింది. ఓర్ఫా తన శాలువా విప్పి కప్పబోయింది. డార్లా దాన్ని పక్కకు నెట్టింది.

"కప్పొద్దు అత్తా. ఇదీ కాగితం మీద రాసుకో. ఎన్ని అంకెలొస్తాయో చూడు."