నన్ను అమ్మాయిగారూ అని పిలిచిన టీచరమ్మగారు

మొన్న సోమవారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసి, "టీచరమ్మగారు పోయారే" అంది. నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. ఎప్పుడని అడగాలి, ఎలా అని అడగాలి. నేను అడిగింది మాత్రం, "పోయేముందు నా గురించి ఏమైనా అన్నారా?" అని.

అమ్మకి అర్థం కాలేదు. "నిద్రలోనే పోయారమ్మా. ఎవరి గురించి ఏమంటారు?" అంది.

మనిషి పోయిందన్న బాధ కంటే నా గుట్టు బయటపడిందేమోనన్న భయం ముందొచ్చింది. ఇంత సిగ్గుమాలిన సంగతితో మొదలుపెడుతున్నందుకు చదివేవాళ్లు ఏమనుకున్నా సరే. ఇది దాచుకుని ఆవిడ మంచితనం గురించి నాలుగు ముక్కలు రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది.

ఆవిడ మా ఎదురింటావిడ. మా ఊరు సామర్లకోటకి ఆటోలో పావుగంట దూరం. ఊళ్లోని మిషన్ బడిలో ఒకటి, రెండు తరగతులకి ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మ చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. పోస్టాయన దగ్గర్నుంచి ప్రెసిడెంటుగారి దాకా అందరికీ ఆవిడ టీచరమ్మగారే. అసలు పేరు చర్చి రిజిస్టరులో ఉండుంటుంది.

కరోనా ఏడాది నాకు హైదరాబాద్‌లో యూనివర్సిటీ సీటొచ్చింది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కబోయే మొదటిదాన్నని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. తీరా చూస్తే ఎక్కడానికి మెట్లే లేవు, క్లాసులన్నీ ఫోన్లోనే. మా ఇంట్లో ఏ మూల నిలబడ్డా సిగ్నల్ రాదు. టీచరమ్మగారి వరండాలో, కిటికీ పక్కన మాత్రం రెండు గీతలు వచ్చేవి. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది కూడా ఆవిడే.

అమ్మ వెనకాడింది. వీధి గేటు దగ్గరే నిలబడి, "పెద్దవారండి మీరు. దీనివల్ల మీకేమైనా అంటుకుంటే మేం ఏం సమాధానం చెప్పుకోవాలండి?" అంది.

"అంటుకుంటే నాకంటుకుంటుంది, నీకేంటమ్మా? దాన్ని పంపించు. మొదటి నెల పాఠాలు పోతే ఏడాదంతా వెతుక్కోవడమే" అన్నారావిడ.

మర్నాడు వెళ్లేసరికి వరండాలో ఈ చివర నాకొక కుర్చీ, ఆ చివర ఆవిడకొక కుర్చీ, మధ్యలో సుద్దముక్కతో గీత. "ఇది దాటావంటే గోడకుర్చీయే" అన్నారు మాస్కులోంచి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోబోతే ఒప్పుకోలేదు. "నాకూ వినపడేలా పెట్టు. నేనేమైనా ఫీజు ఎగ్గొట్టి వింటున్నానా?" అన్నారు.

అలా మా ఎకనామిక్స్ క్లాసులో లెక్కలోకి రాని విద్యార్థి ఒకరు చేరారు. వంద పేజీల నోటుబుక్కు కొనుక్కుని మార్జిన్ గీసుకుని మరీ రాసుకునేవారు. ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలో, రెండో తరగతి పిల్లలకి రాసినట్టు గుండ్రంగా రాసేవారు. నేను కునుకు తీస్తే లేపేవారు కాదు. తర్వాత నోటుబుక్కు నా వైపు తిప్పి చూపించేవారు. మార్జిన్‌లో "ఇక్కడ మా అమ్మాయి నిద్రపోయింది" అని ఉండేది. ఆ కింద పాఠం ఒక్క ముక్క పోకుండా ఉండేది.

ఆవిడని ఇబ్బంది పెట్టిన సంగతి ఒక్కటే. లెక్చరరు పది నిమిషాలకోసారి "ఈజ్ ఇట్ క్లియర్? అర్థమవుతోందా?" అని అడిగేవారు. అరవై మంది పేర్లున్న నల్లటి తెరలోంచి ఒక్కరూ పలికేవారు కాదు. మాకది మామూలే. టీచరమ్మగారు మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవారు.

"పాపం ఆయన అన్నిసార్లు అడుగుతుంటే నోరు విప్పరేంటమ్మా? ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా పాఠం ఎలా చెప్తాడు?" అనేవారు. పెద్దవాళ్లు అడిగితే పలకడం మా వైపు మర్యాద. పలకకపోతే పొగరనుకుంటారు.

ఒక రోజు హాజరు పలికి మైకు ఆపడం మర్చిపోయాను. లెక్చరరు మామూలుగానే అర్థమైందా అని అడిగారు. మామూలుగానే ఎవరూ పలకలేదు. ఆయన నిట్టూర్చినట్టున్నారు. అంతే, వరండా ఆ చివర్నుంచి, ముప్పయ్యేళ్లు మైకు లేకుండా పాఠం చెప్పిన గొంతు ఖంగుమంది.

"ఆయ్! అర్థమైందండి!"

ఫోన్లోంచి నవ్వులు. చాట్‌లో ఒకరి కింద ఒకరు "ఆయ్", "ఆయ్ అండి" అని రాశారు. నేనప్పటికే రెండు వారాలుగా, మా గోదావరి యాస బయటపడకూడదని అద్దం ముందు నిలబడి నా మాటల్లోంచి అండీలు ఏరి పారేస్తున్నాను. ఒళ్లంతా మండింది. లెక్చరరు మంచాయన. ఆయన కూడా నవ్వుతూనే, "ఎవరమ్మా ఆవిడ? మీ అందరికంటే శ్రద్ధగా వింటున్నట్టున్నారు" అన్నారు.

మా టీచరండి అంటే సరిపోయేది. ఆయన సంతోషించేవారు కూడా.

"మా పనావిడ సార్" అన్నాను.

ఇళ్లలో పనిచేసుకునేవాళ్లు తక్కువని ఇప్పుడు నేననుకోవడం లేదు. ఆ రోజు మాత్రం తక్కువ అనుకునే ఆ మాట వాడాను. గీతకి అవతల టీచరమ్మగారు పెన్ను మూత పెట్టి, చప్పుడు కాకుండా లేచి లోపలికి వెళ్లారు. క్లాసయ్యాక బయటికొచ్చి, "మైకు ఆపడం మర్చిపోయావమ్మా. చూసుకోవాలి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టుంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్నేమో. తిట్టలేదు కాబట్టి బతికిపోయాననుకున్నాను.

వారం తిరక్కుండా లెక్చరరు నన్ను ఏదో ప్రశ్న అడిగారు. జవాబు చెబుతుండగా వంటింట్లో ఇత్తడి గిన్నె పడి ఖణేల్మంది. "ఏమైందమ్మా?" అన్నారాయన. టీచరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. మైకు ఆన్‌లో ఉందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. చేతులు రెండూ ముందు కట్టుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నారు.

"అమ్మాయిగారూ, గిన్నె జారిందండి. ఏమీ అనుకోకండి."

మా అమ్మని ఒసే అని పిలిచే చనువున్న మనిషి నన్ను గారు అన్నారు, అండి అన్నారు. గొంతులో వెటకారం ఉందేమోనని ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను. లేదు. నేను చేసింది ఇంకా ఘోరం. "పర్లేదులే" అన్నాను.

ఆ సాయంత్రం తల దించుకుని, "ఎందుకలా అన్నారండి?" అని అడిగాను.

"నువ్వు అందరిలో అలా చెప్పేశావు కదమ్మా. మళ్లీ నేను వేరేగా మాట్లాడితే నీ మాట పోదూ? కొత్తగా చేరిన పిల్లవి" అన్నారు.

అప్పుడైనా క్షమించమని అడగాలి. అడగకుండా, "రేపు తొమ్మిదిన్నరకే క్లాసండి" అన్నాను. "రా" అన్నారు. మర్నాటి నుంచి నా క్లాసు మొదలవగానే ఆవిడ పెరట్లోకి వెళ్లిపోయేవారు. నోటుబుక్కు మళ్లీ బయటికి రాలేదు. యూనివర్సిటీ తెరిచి నేను హైదరాబాద్ వెళ్లిపోయేదాకా ఆ వరండాలో ఒక్కదాన్నే చదువుకున్నాను. సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లోంచి బయటికి వచ్చే ముందు, ఎదురు వరండాలో ఆవిడ లేరని కిటికీలోంచి చూసుకునేదాన్ని.

మంగళవారం భూస్థాపనకి వెళ్లాను. పెట్టె మూసేశారు. చర్చి పక్క సమాధుల దొడ్డిలో అమ్మ నా పక్కనే నిలబడి కళ్లు తుడుచుకుంటూ నాకు తెలియని సంగతి చెప్పింది.

"వాళ్లమ్మ మన వీధిలోనే నాలుగిళ్లలో అంట్లు తోమి ఈవిణ్ని టీచర్ ట్రైనింగ్ చదివించిందే. మన ఇల్లూ అందులో ఒకటి. ఉద్యోగం వచ్చిన రోజున వాళ్లమ్మని పని మానిపించి, ఇంక మా ఇంట్లో ఎవరినీ ఎవరూ పనిమనిషి అనరు అన్నారట."

పిడికెడు మట్టి తీసుకున్నాను. అది వేస్తూ కూడా క్షమించమని నోటితో అడగలేకపోయాను. అడిగినా వినేవాళ్లు లేరు. నేను చేసింది అమ్మకి ఇప్పటికీ తెలియదు. ఇది చదివే తెలుసుకుంటుంది. నాతో చదివిన అరవై మందిలో ఎవరికైనా ఇది కనిపిస్తే వాళ్లకీ చెబుతున్నాను. ఆవిడ మా పనావిడ కాదు. మా అమ్మకి టీచరు, నాకు టీచరు. మీరు నవ్విన ఆ రోజు మనందరిలో పాఠం విన్నది ఆవిడొక్కరే.

ఒక అవకాశం మళ్లీ వచ్చింది, అదీ చెప్పాలి. రెండేళ్ల కిందట నలుగురు క్లాస్‌మేట్లు పిఠాపురం గుడి చూస్తామంటే వెంటబెట్టుకొచ్చాను. సామర్లకోటలో రైలు దిగాం. ప్లాట్‌ఫారం మీద టీచరమ్మగారు చేతిసంచితో ఒక్కరే నిలబడి ఉన్నారు. చూపు సరిగ్గా ఆనడం లేదని రాజమండ్రి కంటి ఆసుపత్రికి వెళ్తున్నారని తర్వాత అమ్మ చెప్పింది. మేం దగ్గరికి వచ్చాక నన్ను పోల్చుకున్నారు. మొహం విప్పారింది. చెయ్యి సగం పైకి లేచింది. అప్పుడు నా వెనక ఉన్న నలుగురూ కనిపించారు. లేచిన చేత్తో పైట భుజం మీదికి లాక్కుని గోడవైపు తిరిగారు. గోడ మీద రైళ్ల వేళల బోర్డు ఉంది. అక్షరం ముక్క కనిపించని ఆ మనిషి, మేమంతా దాటిపోయేదాకా, దాన్ని చదువుతూ నిలబడ్డారు.