ఎడమచేతి మొహరు

ఫోటోలు తీసేవాడికి సర్కారు సర్టిఫికెట్ ఉండాలా, అక్కర్లేదా అని మొన్న నలుగురు యువకులు మా ఇంటికి వచ్చి అడిగారు. ఏదో సంఘం పెట్టుకున్నారట, పెద్దవాణ్ణి కనుక అనుభవం చెప్పమన్నారు. నాకొకప్పుడు అలాంటిది ఉండేదనీ, దానివల్ల కుడిచేతి మూడు వేళ్లు వంకరపోయాయనీ, మిగతాదంతా బాగానే జరిగిందనీ చెప్పాను. వాళ్లు నవ్వారు. నేనేం చెప్పినా జనం నవ్వుతారు. కాలేజీలో పట్టుకున్న జబ్బు అది.

నిజాం సర్కారు పోవడానికి ఇంకా రెండేళ్లున్న రోజులు. నల్లగొండలో నాకో చిన్న స్టూడియో ఉండేది. హైదరాబాదులో బి.ఏ. చదివినవాడు ఫోటోలు తీసుకుంటున్నాడని మా బాపు చుట్టాలతో చెప్పేవాడు కాదు. కొడుక్కి ఒంట్లో బాగుండటం లేదని చెప్పేవాడు.

ఆ ఏడు మా జిల్లాలో ఒక హుకుం వచ్చింది. సనదు, అంటే సర్కారు సర్టిఫికెట్, లేనివాడు కెమెరా ముట్టరాదు. సనదు ఉన్నవాడికి ఒక గుండ్రటి మొహరు, సర్కారు ముద్ర, ఇస్తారు. తీసిన ప్రతి ఫోటో వెనకా అది కొట్టి, ఒక కాపీ థానాలో ఇచ్చిరావాలి. మొహరున్న ఫోటో సాక్ష్యం, లేనిది అట్టముక్క.

నన్ను పరీక్షించిన అధికారి అంతకు ముందు కెమెరాను దగ్గర్నుంచి చూడలేదు. అందుకని తన ఫోటోనే తీయమన్నాడు. ఆయన ముఖం నిండా అమ్మవారి మచ్చలు. గాజు నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్దితే కాగితం మీద ఆ చోటు తెల్లబడి మచ్చ మాయమవుతుంది. మర్రిగూడ వైపు నీళ్లకు పళ్లు గోధుమరంగు తిరిగినవాళ్లకు నేను అలాగే తెల్లటి పళ్లు ఇచ్చేవాణ్ణి. కల్లు గీసే గౌండ్లవాళ్లు వస్తే, తాటిచెట్ల ఒరిపిడికి కాయలు కాచిన రొమ్ములు నున్నగా చేసేవాణ్ణి. అధికారికి కూడా పాతికేళ్ల యువకుడి బుగ్గలు ఇచ్చాను. పరీక్షలో మొదటి తరగతి వచ్చింది.

సనదు చేతికొచ్చిన రెండో నెలలో థానా నుంచి కబురొచ్చింది. దగ్గరి పల్లెలో ఒక గౌండ్లాయన చనిపోయాడు, మొహరున్న ఫోటో కావాలి.

అసలు సంగతి దారి పొడుగునా నాతో నడిచిన జవాను చెప్పాడు. దొర గడికి చుట్టాలొచ్చారు. రెండు కుండల కల్లు వెట్టికి పంపమన్నారు. ఎండలకు చెట్ల నుంచి కల్లు పారక అతను ఒక కుండే తెచ్చాడు. గడిలో కంబానికి కట్టేసి కొట్టారు. తల్లి గేటు బయట కూర్చుని వింటూ ఉంది. మొదట అరిచాడు. తర్వాత అరవలేదు. కొట్టడం మాత్రం ఆగలేదు. చివరికి తీసుకుపోయి తాటిచెట్టు కింద పడేశారు. చెట్టెక్కే మోకు నడుముకుండగానే జారి పడ్డాడని థానా నడిపే అమీను పంచనామా రాశాడు. తల్లి నడుచుకుంటూ జిల్లా దఫ్తరుకు వెళ్లి మెట్లమీద తల బాదుకున్నందువల్ల పైనుంచి విచారణ పడింది. లేకపోతే ఈ ఫోటో కూడా అక్కర్లేదు.

శవం తాటాకుల మీద ఉంది. మధ్యాహ్నం ఎండ. ఈగలు మాకంటే ముందే వచ్చాయి. ముఖం మీద ఒక్క దెబ్బా లేదు, కొట్టినవాళ్లకు పని తెలుసు. రొమ్ము మీద లాఠీ వెడల్పున నల్లటి చారలు.

అమీను గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"ముందలికెళ్లి తియ్. ఈపు గీపు వద్దు. రొమ్ము మీద గా నల్ల మచ్చలు సాఫ్ జెయ్. మొఖాలు సాఫ్ జేస్తవంట గదా, బి.ఏ. సాబ్?"

"ఎంత సాఫ్ చెయ్యాలె, సాబ్?"

"బిల్‌కుల్. పుట్టిన పిల్లగాని లెక్క ఉండాలె."

ఒక ప్లేటు తీశాను. అమీను భోజనానికి గడికి వెళ్లాడు. అప్పటిదాకా దూరంగా కూర్చున్న ముసలామె లేచి వచ్చింది. ఆమె నుదురు ఇంకా చీలే ఉంది.

"నా కొడుకు చెట్టు మీదికెళ్లి పడలే అయ్యా. పదిహేనేండ్ల సంది ఎక్కుతుండు, ఒక్కనాడు కాలు జారలే. పడ్డడని కాయిదం రాస్తే ఇగ పడ్డట్టే గదా. గా ఒక్క మాట రాయనియ్యకుండ్రి."

"నేను రాసేవాణ్ణి కాదవ్వా. ఫోటో తీసేటోణ్ణి."

"గట్లయితే ఈపు దియ్యి."

అని తనే కొడుకును భుజం పట్టి బోర్లా తిప్పింది. జవాను అటు తిరిగి బీడీ ముట్టించాడు. వీపు ఎలా ఉందో రాయను. కెమెరా అద్దంలో తలకిందులుగా కనబడుతుంది కాబట్టి నేను నిలబడగలిగాను. బీడీ అయ్యేలోపల రెండో ప్లేటు తీశాను.

ఇంటికొచ్చి రెండూ కడిగాను. వీపు ఫోటోకు మొహరు కొడితే కాపీ అమీనుకు ఇవ్వాలి. కొట్టలేదు. రొమ్ము నెగెటివ్ ముందు పెట్టుకుని రెండు రోజులు పెన్సిలు పట్టాను. లాఠీ చారలు తీశాను. చెట్టు ఒరిపిడికి కాచిన కాయలు కూడా తీశాను. చేతుల లోపలివైపు గరుకూ తీశాను. హుకుం ఉన్నంత మేరకు చేశాను, హుకుంలో లేని గీత ఒక్కటీ చేర్చలేదు. అమీను చూసి నా వీపు తట్టాడు. ఆ రోజుల్లో థానాలో వీపు తట్టించుకుని బయటికొచ్చినవాళ్లు తక్కువ.

విచారణకు హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి డాక్ బంగళాలో కూర్చున్నాడు. నేను ముందుగా వీపు ఫోటో ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడకముందే తిప్పి వెనక చూశాడు. మొహరు లేదు.

"ఇది సర్కారు కాగితం కాదు," అని చాయ్ సాసరు కింద పెట్టుకున్నాడు. బల్లకు మరక పడకుండా అది బాగానే పనికొచ్చింది.

తర్వాత మొహరున్న ఫోటో ముసలామెకు చూపించారు. "నీ కొడుకేనా?"

ఆమె చాలాసేపు చూసింది. "మొఖం నా కొడుకుదే దొరా. రొమ్ము ఎవలిదో."

"అంటే?"

"చెట్లెక్కెటోనికి గిసుంటి రొమ్ము ఉంటదా? మోకు జారితే చెట్టును కావలిచ్చుకొని కిందిదాక గీసుకపోతడు. తోలు మిగలది." పంచనామాకు సాక్షిగా పిలిపించిన ముసలి గౌండ్లాయన వైపు తిరిగింది. "ఏం మామా, ఏలిముద్ర ఏసినవు గదా. నువ్వు వయసుల ఉన్నప్పుడు జారినవు. జర అంగీ ఇప్పి సూపియ్యి."

ఆయన అమీను వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. అంగీ విప్పాడు. మెడ ఎముక నుంచి బొడ్డు దాకా ఒకటే మచ్చ, దున్ని వదిలేసిన చెలకలాగా ఉంది. అధికారి లేచి వెళ్లి ఫోటోను ఆ రొమ్ము పక్కన పెట్టి చూశాడు.

"శవం ఛాతీ ఫోటోలో ఉన్నట్టే ఉండెనా?" అని నన్ను అడిగాడు.

"సర్కారు మొహరున్న ఫోటో, హుజూర్. అబద్ధం ఎట్లా చెబుతుంది?"

మొహరు సర్కారుది, పంచనామా అమీనుది. రెండింట్లో ఏది తప్పనాలో తేల్చుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. కలం తీసి పంచనామాలో ఒక వాక్యం కొట్టేసి, పైన ఇంకోటి రాశాడు: మరణ కారణం తేలలేదు. దొర పేరు ఎక్కడా రాలేదు. గడిలో కంబం కంబంలాగే ఉంది.

బయటికొచ్చాక ముసలామె నన్ను ఆపింది. "ఏం రాసిండ్రు?"

"చెట్టు మీంచి పడ్డాడన్న మాట కొట్టేశారవ్వా."

"మల్ల రాయరు గదా?"

"రాయరు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గెలిచినవాళ్ల ముఖం నేను అంతకు ముందు చాలా ఫోటోల్లో తీశాను. ఇది అలా లేదు.

ఆ సాయంత్రం అమీను స్టూడియోకి వచ్చాడు. ఇద్దరు జవాన్లు నన్ను పట్టుకున్నారు. నా కుడిచేతి వేళ్లు తలుపు సందులో పెట్టించి, తలుపు మూశాడు. మూడు వేళ్లకు మూడుసార్లు మూశాడు. పద్ధతి గల మనిషి. నేను అరిచాను. బి.ఏ. చదివినవాళ్లు ప్రత్యేకంగా ఏమీ అరవరు, అందరిలాగే అరుస్తారు. బజారులో దుకాణాల తలుపులు ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి. పోతూ పోతూ గాజు ప్లేట్లన్నీ నేలకేసి కొట్టి, మొహరు తీసుకుపోయాడు. రొమ్ము ప్లేటు ఒక్కటి కిటికీలో ప్రింటు వేసే చట్రంలో ఉండి బతికింది. వారం తర్వాత సనదు రద్దు చేసిన కాగితం వచ్చింది. కారణం, పనిలో నైపుణ్యం చాలదు.

నెల తిరిగాక ముసలామె వచ్చింది. నా చేతికట్టు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా వల్లనే గదా బిడ్డా?"

"తలుపు వల్ల అవ్వా."

ఆమె నవ్వలేదు. మా బాపు తర్వాత నేను నవ్వించలేకపోయిన మనిషి ఆమె ఒక్కతే. ఫోటో కావాలంది. వీపుది మరక పడినా నా దగ్గరే ఉంది, ఇవ్వబోయాను.

"ఈపు నాకెందుకు? గది నేను సూసిన. సర్కారోళ్లు ఒప్పుకున్నదే ఇయ్యి. రేపు ఎవడన్న నా కొడుకు పడ్డడంటే మొఖాన కొడ్త."

మిగిలిన ప్లేటు మీంచి ఒకటి వేసి ఇచ్చాను. ఆమె, హైదరాబాదు అధికారిలాగే, వెంటనే తిప్పి వెనక చూసింది.

"మొహరేది?"

నా దగ్గర లేదని చెబితే ఫోటోను బల్లమీద పెట్టేసి అలాగే కూర్చుంది. ఇక పోయేట్టు లేదు. లోపలికెళ్లి ఒక ఆలుగడ్డ తెచ్చి సగానికి కోశాను. కుడిచేయి పనిచేయదు కనుక ఎడమచేత్తో కత్తి పట్టి, గుర్తున్నంత వరకు అక్షరాలు తిప్పి చెక్కాను. ఊదా సిరాలో ముంచి కొట్టాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, సర్కారు తాగి వచ్చినట్టుంది.

"అవ్వా, ఇది నిజమైంది కాదు. నేను చేసింది."

ఆమె ఫోటోను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. తడి ఆరేదాకా ఊదింది.

"గుండ్రంగనే ఉన్నది గదా," అని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.