తొమ్మిదో అంతస్తులో పొంగిన పాలు

పొద్దు వాలి, విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగే వేళకు రుక్మిణమ్మ తాళాలగుత్తి కొంగుకు ముడేసుకుని లిఫ్టు ముందు నిలబడేది. తలుపు తెరుచుకోగానే ఎక్కేది కాదు. ముందు తల ఒక్కటే లోపలికి పెట్టి నాలుగు మూలలూ చూసుకునేది. ఎవరూ లేరని తేలితే ఇంకా భయమయ్యేది.

మంఖాల్ దగ్గర, శ్రీశైలం రోడ్డుకు కనబడేలా కట్టిన పెద్ద టవరది. ఈతకొలను, జిమ్ము, పైన తోట అన్నీ ఉన్నాయి. కొనేవాళ్లే లేరు. ఎయిర్‌పోర్టు పక్కన గనక ఎగబడి కొంటారనుకున్నారు. వచ్చినవాళ్లు చూసి, ఫొటోలు దిగి, ఫోన్ చేస్తామని వెళ్లిపోయేవారు. జనం లేని చోటికి జనం రారని కంపెనీవాళ్లకు తోచింది. ఆ తోచడంలోంచి రుక్మిణమ్మకో పని పుట్టింది. సాయంత్రం ఖాళీ ఫ్లాట్లలో అక్కడక్కడా లైట్లు వేయాలి. పగలు కొన్ని బాల్కనీల్లో చీరలు ఆరేయాలి. ఆ చీరలు కూడా ఆమెవే.

"నా చీరెలు నాకంటె పెద్దిండ్లల్ల ఉంటున్నయి," అనేది మొగుడితో.

"వాటికున్న నసీబు నీకు లేకపాయె," అనేవాడు సత్తయ్య. అతను అదే టవరు గేటు దగ్గర వాచ్‌మన్. ఇద్దరూ సెల్లార్‌లో ఒక గదిలో ఉంటున్నారు. ఉద్యోగంతో పాటు వచ్చిన గది.

దానికి ముందు మంఖాల్‌లో ఇళ్లు మారీ మారీ అలిసిపోయారు. ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు గదికి నలుగురేసి దిగడం మొదలయ్యాక ముసలి మొగుడూ పెళ్లాలకు కిరాయికిచ్చేవాళ్లు కరువయ్యారు. కాబట్టి ఎంత భయమైనా రుక్మిణమ్మ పైకి పోయేది. పని పోతే గది పోతుంది. గది పోతే ఎక్కడ తల దాచుకోవాలో తెలియదు.

పుట్టుపిరికిది కాదామె. సాతంరాయిలో పెరిగిన పిల్ల. చీకట్లో బావి మోటారు వేయడానికి ఒక్కతే పోయేది. పాము కనబడితే "పో తల్లీ, నీ తొవ్వన నువ్వు పో" అని పక్కకు జరిగేది. ఈ టవరు కట్టేటప్పుడు గోడలకు నీళ్లు కొట్టిందీ ఆమే. గాలికి కొంగు నిలవని ఎత్తున, గోడలింకా లేవని అంతస్తుల మీద పైపు పట్టుకుని తిరిగింది. అప్పుడు ఎటు చూసినా మనుషులే. బీహారు పిల్లల పాటలు, రొట్టెల వాసన, మేస్త్రీల తిట్లు. రంగులు వేయడం కూడా అయిపోయి అంతా వెళ్లిపోయాకే భయం మొదలైంది. తన చేతి నీళ్లు తాగి గట్టిపడిన గోడలే ఆమె అడుగుల చప్పుడును తిరిగి ఆమెకే వినిపించేవి.

అన్నిటికంటే భయం తొమ్మిదో అంతస్తులోని మోడల్ ఫ్లాట్. వచ్చినవాళ్లకు చూపించడానికి అలంకరించిన ఇల్లది. ఎవరూ పడుకోని పరుపు, ప్లాస్టిక్ యాపిల్ పండ్లు, లోపల కాగితాల్లేని పుస్తకాలు. గోడ మీద ఎవరో తెలియని భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు నవ్వుతూ ఉండేవారు. తుడిచినంతసేపూ రుక్మిణమ్మ ఆ ఫొటోకు వీపు తిప్పేది కాదు.

అత్త బతికున్న రోజుల్లో అంటుండేది: "మనుషులు లేని ఇంట్ల దీపం పెట్టొద్దే. మాకే పెట్టిండ్రనుకోని వచ్చి కూసుంటరు." ఎవరొచ్చి కూర్చుంటారో అత్త చెప్పలేదు. చెప్పి ఉంటే రుక్మిణమ్మ ఆ ఒక్కరికే భయపడి ఊరుకునేది.

ఒక శుక్రవారం పొద్దున తెగించింది. పాల ప్యాకెట్టూ, కొత్త గిన్నే, గదిలోని కరెంటు పొయ్యీ పట్టుకుని మోడల్ ఫ్లాట్‌కు పోయింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. వంటగదిలో పాలు పొంగించింది. పాలు కారి, మాడిన వాసన రాగానే పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడిది మనుషుల ఇల్లు. మిగిలిన పాలలో చక్కెర వేసుకుని, సోఫా మీద కూర్చునే ధైర్యం లేక కిందనే కూర్చుని తాగింది. బండ తుడిచి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు, సత్తయ్యకు కూడా.

ఆదివారం కందుకూరు నుంచి జగదీశ్ వచ్చాడు. ఎరువుల దుకాణం నడిపే మనిషి. అదివరకే చూసిపోయి, మోడల్ ఫ్లాట్‌నే సామానుతో సహా కొంటానన్నాడు. ఈసారి తల్లి కౌసల్యమ్మను తీసుకొచ్చాడు. ఆమె ఊ అంటే చాలు. సైట్ మేనేజర్ రాఘవేందర్ పొద్దున్నుంచి కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

"రుక్మిణమ్మా, ఇది గాని అయిందంటే ఆఫీసు ఉంటది. లేకుంటే షటర్ వేసుడే. అందరం ఇంటికే."

ఇల్లున్నవాళ్ల మాట అది, అనుకుంది రుక్మిణమ్మ.

కౌసల్యమ్మ హాలు చూడలేదు, బాల్కనీ చూడలేదు. గడప దగ్గరే వంగి పసుపును వేలితో తాకింది. అక్కణ్నుంచి నేరుగా వంటగదికి పోయి, బండ మూలన ముక్కు పెట్టినంత పని చేసింది.

"ఈ ఇంట్ల పాలు పొంగినయి."

రాఘవేందర్ నవ్వాడు. "లేదమ్మా, కొత్తిల్లు. ఇప్పటిదాక ఎవ్వరు దిగలే."

"నాకు చెప్తవా? ముగ్గురు కొడుకుల ఇండ్లల్ల పొంగిచ్చిన. మాడిన పాల వాసన నాకు తెల్వదా?" కొడుకు వైపు తిరిగింది. "పొంగిచ్చి దిగినోళ్లు ఎందుకు ఎల్లిపోయిండ్రో అడుగు. పసుపు ఇంక రంగు మారలే. గింత జల్ది వాళ్లను ఎల్లగొట్టింది ఏందో అడుగు."

జగదీశ్ ముఖం మారిపోయింది. ఏసీ నడుస్తూనే ఉన్నా రాఘవేందర్ మెడ మీద చెమట పట్టింది. రుక్మిణమ్మ లెక్క వేసుకుంది. చెప్తే తన పని పోతుంది, దానితో గది. చెప్పకపోతే అమ్మకం పోతుంది, అప్పుడూ గదే. ఎటు అడుగేసినా అదే గొయ్యి.

"నేనే పొంగిచ్చినమ్మా," అంది.

"నువ్వా? నీదా ఈ ఇల్లు?"

"కాదమ్మా. ఊడుస్త."

"మరి ఎవల పేరు మీద పొంగిచ్చినవే?"

"ఎవల పేరు చెప్పలే. దిగేటోళ్లు ఎవలైనా సరే, సల్లగుండాలె అని మొక్కిన."

కౌసల్యమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. ముఖం మెత్తబడింది. "మంచిగనే మొక్కినవ్ తియ్. మా పాలు మేం మల్ల పొంగిచ్చుకుంటం."

రాఘవేందర్ ఊపిరి వదిలాడు. మాట అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కౌసల్యమ్మకు రుక్మిణమ్మ నచ్చింది. సోఫాలో తీరిగ్గా కూర్చుని అడిగింది. "అయినా నీకేం పుట్టిందే పిచ్చిదానా, మందింట్ల పాలు పొంగిచ్చెతందుకు?"

అంత ప్రేమగా అడిగినవాళ్లు లేక చాలా కాలమైంది. రుక్మిణమ్మ కడుపులోదంతా చెప్పేసింది. "భయమైతున్నదమ్మా. మనుషులు లేని ఇండ్లల్ల దీపాలు పెట్టుడాయె. పొద్దుగూకినంక ఒక్కదాన్నే తిరుక్కుంట ఏస్త. జర ఇంటి కళ వస్తే భయం పోతదని."

విమానం ఒకటి కిందుగా పోయింది. అద్దాలు సన్నగా అదిరి ఊరుకున్నాయి.

"ఏ దీపాలు?" అన్నాడు జగదీశ్.

తానేం అన్నదో రుక్మిణమ్మకు అప్పుడు తెలిసింది.

"రోడ్డు మీదికెల్లి కనవడేటియా? మొన్న రాత్రి పోతుంటె మస్తు మంది దిగిండ్రని అమ్మకు చూపిచ్చిన, అవేనా?" అతను బాల్కనీలోకి పోయి పక్కకీ పైకీ చూసి వచ్చాడు. "మరి ఆ చీరెలు?"

"నావే సారూ."

కౌసల్యమ్మ లేచి నిలబడింది. "పాలకు దోషం లేదు బిడ్డా. గింత పెద్ద దాంట్ల మనం ఒక్కళ్లమే ఉండుడంటే నాతోటి కాదు. పా."

వాళ్ల కారు గేటు దాటింది. రుక్మిణమ్మ సెల్లార్‌కు దిగి సత్తయ్యకు జరిగిందంతా చెప్పింది. అతను కోప్పడలేదు. "ఇల్లు లేనోళ్లం పాలు పొంగిచ్చినం, ఉన్న గది పొంగిపాయె," అని బట్టలు దుప్పట్లో వేసి మూట కట్టసాగాడు.

పొద్దుగూకుతుండగా రాఘవేందర్ వచ్చాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"పైవాళ్లు నిన్ను తీసెయ్యమన్నరు," అన్నాడు. "ఇంకెవర్నన్న పంపమని ఏజెన్సీకి ఫోన్ చేసిన. ఖాళీ టవర్ల పొద్దుగూకినంక తిరిగేటోళ్లు లేరట. ఇగ నువ్వే ఉండు. షటర్ ఇంకొన్ని దినాలు ఆపిండ్రు, పై అంతస్తులల్ల గూడ లైట్లు వెయ్యమన్నరు."

గది నిలిచింది. సత్తయ్య మూట విప్పడం మొదలుపెట్టాడు. రుక్మిణమ్మ మాత్రం తాళాలగుత్తి ముట్టలేదు. గది పోతుందన్న భయం కింద పొద్దున్నుంచి అణిగి ఉన్న అసలు భయం ఇప్పుడు లేచి కూర్చుంది.

"ఒక్కదాన్ని పోను సారూ," అంది. ఏ మేస్త్రీతోనూ ఏనాడూ అనని మాట.

రాఘవేందర్ లిఫ్టు వైపు తిరిగాడు. "నేను వస్త, నడువు."

లిఫ్టు కదిలాక గొంతు తగ్గించి చెప్పాడు. "పదకొండో అంతస్తుల మూల ఫ్లాట్ నాదే."

"ఏంది సారూ?"

"కొన్న. ధర పెరుగుతదనుకున్న."

"మరి దిగకపోయిండ్రు?"

"మా ఆమె ఒక్కసారి వచ్చి చూసింది. నన్ను కోసినా ఇక్కడికి రానన్నది."

ఆయన గొంతులో ఉన్నదేమిటో రుక్మిణమ్మకు బాగా తెలుసు.

తొమ్మిదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. బయట నడవా అంతా చీకటి.

"నడువు రుక్మిణమ్మా, నీకు అలవాటే గద."

"పెద్దోళ్లు, మీరు ముంగట ఉండాలె సారూ."

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. తలుపు కాసేపు ఆగి, నెమ్మదిగా మూసుకోసాగింది. దాన్ని ఆపడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు.